మలుపు దగ్గర మూలిగిన జీపు

ఆ మంగళవారం పొద్దున పంచాయతీ సమితి ఆఫీసు జీపు కల్వకుర్తి చౌరస్తాలో తిరగవలసిన చోట తిరగలేదు. మూలిగింది, రెండుసార్లు ఎగిరింది, తిన్నగా వెళ్లి దర్జీ మల్లప్ప కుట్టు మిషనుకు జానెడు దూరంలో ఆగింది. మల్లప్ప లేవలేదు. మెడలోని టేపు అందుకుని ముందు సీట్లో ఉన్న ఆఫీసరు గారిని, "కోటు కుట్టాల్నా సారూ, పాయింటా?" అని అడిగాడు.

ఆఫీసరు గారు కొలతలు ఇవ్వలేదు. దిగి, డ్రైవరు సైదులుతో, "శుక్రవారం లోగా ఇది బాగుపడకపోతే పట్నం పంపించేస్తాను. వేరే డ్రైవరుతోనే తిరిగొస్తుంది. నువ్వు మళ్లీ ఆఫీసు కుండల్లో నీళ్లు నింపుకుందువు గాని" అని, నడిచి వెళ్లిపోయారు.

సైదులు స్టీరింగు పట్టి ఆరు నెలలే అయింది. తిన్నగా పోతే జీపుకు ఏ రోగమూ లేదు గనుక, తిన్నగా వెళ్లగలిగినంత దూరం వెళ్లి, మిగిలిన మలుపు అది మూలుగుతుంటేనే తిప్పి, మెకానిక్ బీరప్ప రేకుల షెడ్డు ముందు ఆపాడు.

బీరప్ప కురుమ ఇంటి బిడ్డ. ఇరవై ఏళ్లదాకా గొర్రెల వెంట తిరిగి, ఆ తర్వాత ఒక కంట్రాక్టరు లారీల కింద దూరి పని నేర్చాడు. మందను వదిలాడు కాని గొంగడిని వదల్లేదు. నూనె మరకల చొక్కా మీద అదే ఉండేది. ఏ బండి వచ్చినా ముందు కళ్లు మూసుకుని వినేవాడు. ఒక్కోసారి ఆ వినడం మధ్యాహ్నం దాకా సాగేది. ఊరంతా "పండుకునే మిస్త్రీ" అనేవారు. భార్య గుర్వమ్మ మాత్రం, "మా ఆయనకు కండ్లు మూస్తెనే చెవులు తెరుసుకుంటయి" అని వెనకేసుకొచ్చేది.

కాని ఈ జీపు విషయంలో ఆ చెవులు మూడుసార్లు మోసపోయాయి. ఇరవై రోజుల్లో స్టీరింగుకు గ్రీజు పెట్టాడు, టైర్లలో గాలి మార్చాడు, బ్రేకులు పట్టేస్తున్నాయేమోనని వదులు చేశాడు. ఆ చివరి వైద్యం తర్వాత జీపు ఒక గడ్డివాము దాకా వెళ్లి గాని ఆగలేదు.

"మలిపితె మూలుగుతాంది మామా," అన్నాడు సైదులు. "శుక్రారం దాంకనే గడువిచ్చిండు సారు."

"ఫికర్ చెయ్యకు అల్లుడా. పా, నడుపు." బీరప్ప పక్క సీట్లో కూర్చుని గొంగడి కప్పుకుని కళ్లు మూశాడు.

రోడ్డు మీద గుండ్రంగా తిప్పితే మూలుగు. షెడ్డు వెనక జొన్నచేను దున్నిన మెత్తటి దుక్కిలో తిప్పితే చప్పుడే లేదు. మళ్లీ రోడ్డు, మళ్లీ మూలుగు. మళ్లీ దుక్కి, నిశ్శబ్దం. ఎండ వెచ్చగా ఉంది, మట్టి వాసన వస్తోంది. మూడో చుట్టుకు బీరప్ప జీపులో లేడు.

గుట్ట కింద పదేళ్ల వయసులో మంద ముందు నడుస్తున్నాడు. దారి వంపు తిరిగింది. ముందున్న పొట్టేలు పెద్ద చుట్టు తిరుగుతోంది, వెనక గొర్రెలు అడ్డంగా కోసుకుని దగ్గరి దారిన వస్తున్నాయి. ముందుదానికి నడక ఎక్కువ, వెనకదానికి తక్కువ. వెన్నెల లాంటి ఉన్ని, గంటల చప్పుడు. ఎవరో పొట్టేలునూ వెనక గొర్రెనూ ఒకే కర్రకు కట్టి, రెండూ లెక్కగా ఒక్కటే అడుగులు వేయాలన్నారు. అవి గుంజుకున్నాయి, ఎగిరాయి, మూలిగాయి.

బీరప్ప కళ్లు తెరిచాడు. "అల్లుడా, ముందు సక్రాలూ ఎన్కటియీ ఒకదానికొకటి కట్టేసుకున్నయిరా! దుక్కిల మట్టి జారుతది, గుంజులాట తెల్వదు. గట్టి రోడ్డు జారనియ్యదు."

ఆ జీపులో గేరు కడ్డీ పక్కన ఒక పొట్టి కడ్డీ ఉంటుంది. వెనక్కి లాగితే ఇంజను బలం ముందు చక్రాలకూ అందుతుంది. ఇసుకలో, బురదలో అది కావాలి. గట్టి రోడ్డు ఎక్కగానే ముందుకు తోసేయాలి. బీరప్ప వంగి చూశాడు. కడ్డీ వెనక్కే ఉంది. దాని మెడ నుంచి సీటు కాలికి నల్ల ఉన్ని దారం, ఏడు చుట్లు, గట్టి ముడి.

"ఏ మొద్దు కట్టిండురా గిది?"

సైదులు నేల చూశాడు. "నువ్వే మామా."

దిండి వాగు ఇసుకలోంచి జీపు క్షేమంగా బయటపడి వచ్చిన రోజు, మంద ముందు నడిచే పొట్టేలుకు దిష్టి తగలకుండా కట్టినట్టే, బీరప్పే తన చేతులతో కట్టి, "అమాస దాటేదాంక ముట్టకు" అని ఒట్టు పెట్టించుకున్నాడు. సైదులు ఒట్టు తప్పలేదు. అమావాస్య ఇంకా రాలేదు.

బీరప్ప చెవులు ఎర్రబడ్డాయి. దారం కోశాడు. కడ్డీ కదల్లేదు, లోపల అంత బిగుసుకుంది. జీపును తిన్నగా రెండు గజాలు వెనక్కి నడిపిస్తే ఏదో సడలి టక్కుమంది, కడ్డీ వెన్నలోకి వేలిలా ముందుకు జారింది. రోడ్డు మీద గుండ్రంగా తిప్పారు. జీపు నీళ్లలో బాతులా తిరిగింది.

సాయంత్రం చౌరస్తాలో, మల్లప్ప దుకాణం ముందే, ఆఫీసరు గారు అడిగారు. "ఏమిటయ్యా రోగం? ఆ కడ్డీ ముందుకు తోయడం మరిచాడా సైదులు?"

అవునంటే సరిపోయేది. దారం బీరప్ప జేబులోనే ఉంది, చూసినవాళ్లు లేరు. చుట్టూ ఇరవై మంది నిలబడ్డారు. బీరప్ప ఒకసారి కళ్లు మూసుకున్నాడు. ఎవరో "పండుకుండు" అన్నారు. కళ్లు తెరిచి, దారం తీసి అరచేతిలో పెట్టి చూపించాడు.

"నేనే కట్టిన సారూ. ముట్టొద్దని ఒట్టు గూడ నేనే పెట్టిన. పోరడు మాట నిలుపుకున్నడు."

ఆఫీసరు గారు దారాన్ని చూశారు. నవ్వు ఆపుకోవడానికి కళ్లజోడు తుడుచుకున్నారు. "మాట నిలుపుకునేవాడే నడపనీ" అని జీపెక్కారు. జీపు మల్లప్ప మిషను ముందు మెత్తగా వంపు తిరిగి వెళ్లిపోయింది.

ఊరు నెలరోజులు నవ్వింది. బీరప్పా నవ్వాడు, కొంచెం ఆలస్యంగా.

ఒక్క మల్లప్పే నవ్వలేదు. "ఏం మిస్త్రీవయ్యా! జీపు సక్కగైనకాడికెల్లి సారు నా దిక్కు మొకమే తిప్పుతలేడు. కోటు బేరం పాయె!"

గొంగడి మీదికి లాక్కుంటూ బీరప్ప అన్నాడు: "ఊకో మల్లప్పా, నల్ల ఉన్ని ఇంక మిగిలే ఉంది."