చిలకపచ్చ కొయ్య ఉంగరం

పోయిన వారం మా మేనకోడలి కూతురు వచ్చింది. కొల్లేటి పక్షుల్నీ కొండపల్లి కొండల్నీ ఫోటోలు తీసే పిచ్చి పట్టింది దానికి. కొత్త కెమెరా కొనుక్కుంది. దాని ముందు తగిలించడానికి పోలరైజర్ ఫిల్టరు ఏది మంచిదో చెప్పమని ఫోనులో వరసగా బొమ్మలు చూపించింది. నీళ్ళ మీదా ఆకుల మీదా పడే తళుకుని తీసేసి, ఆకాశాన్ని చిక్కబరిచే గాజు అది. నేను కళ్ళజోడు సర్దుకుని ఒక్కొక్కటీ చూస్తూ ఉండగానే, "అయినా ఎందుకులే తాతయ్యా, తర్వాత కంప్యూటర్లో సరిచేసుకోవచ్చట" అంది. నేను లేచి బీరువా తీసి, అడుగు అరలోంచి ఒక పిప్పరమెంట్ల రేకు డబ్బా తెచ్చి దాని చేతిలో పెట్టాను. లోపల చిలకపచ్చ రంగు వేసిన కొయ్య ఉంగరం, అందులో బిగించిన బూడిదరంగు గాజు. "ఇదేం బొమ్మ?" అంది. బొమ్మలు చేసేవాళ్ళు చేసిందే గాని బొమ్మ కాదని చెప్పి, ఎదురుగా గోడ మీదున్న ఫోటో చూపించాను. ఆ పిల్ల దాన్ని పుట్టినప్పటినుంచీ చూస్తోంది, ఎప్పుడూ చదవలేదు. మా ఇంట్లో చాలామందీ అంతే.

డెబ్బైల మొదట్లో మాట. అప్పటికి మా పొలాలు పోయాయి, మేడ పోయింది, భవానీపురంలో కృష్ణ ఒడ్డునున్న మామిడితోట కూడా పోయింది. ఆ తోటకి కూతవేటు దూరంలోనే రెండు గదుల వాటాలో నేనూ మా నాయనమ్మా ఉండేవాళ్ళం. నేను ఒక ఆఫీసులో గుమాస్తాని. పోయినవాటి గురించి ఎవరి దగ్గరా నోరెత్తకపోవడం మా ఇంటి పద్ధతి. ఇంకా కొన్ని పద్ధతులుండేవి. కొట్లో ధర అడగకూడదు. కొన్న వస్తువు వెనక్కి ఇవ్వకూడదు. పెట్టినవాటిలో ఖరీదైనదే వేలితో చూపించాలి. ఇవన్నీ మేడలో ఉన్న రోజుల పద్ధతులు. రెండు గదుల్లో వాటికి చోటు చాలేది కాదు. అయినా నాయనమ్మ ఒక్కటి కూడా బయట పెట్టనిచ్చేది కాదు, నేనూ పెట్టలేదు. ఆవిడకి ఎనభై దాటాయి. గోడకి ఆనుకుని కూర్చోవడం నేనెన్నడూ చూడలేదు.

మాకు మిగిలింది తాతగారి రెండు కళ్ళ కెమెరా ఒకటి, ఒక మాట ఒకటి. ఆ మాట ఏమిటంటే, తోట కింద కృష్ణలో ఉన్న రాతి రేవు మా తాతగారు కట్టించారని. బ్యారేజీ కట్టాక పైన నీటిమట్టం పెరిగి ఆ రేవు మునిగిపోయింది. మేం అవనిగడ్డ వైపు పల్లెనుంచి ఇక్కడికి వచ్చేసరికే అది నీళ్ళ కింద ఉంది. మెట్ల మధ్య చప్టా మీద ఒక రాయి ఉందని, దాని మీద అక్షరాలు ఉన్నాయని పడవలవాళ్ళు చెప్పేవాళ్ళు. ఆ అక్షరాలు మా తాతగారి పేరేనని నాయనమ్మ చెప్పేది. పొలాల సంగతి, మేడ సంగతి ఎవరన్నా ఎత్తితే నేను లేచి వెళ్ళిపోయేవాణ్ణి. రేవు సంగతి ఎత్తితే మాత్రం కూర్చునేవాణ్ణి.

తోట కొన్నది ఒక కలప వ్యాపారి. ఆయన అడితిలోనే వీధి కమిటీ కూర్చునేది. ఆ ఏడు, పాత రేవు మీదుగా కొత్త మెట్లు కట్టాలని, దాన్ని మొదట కట్టించినవారిగా ఆ వ్యాపారి నాన్నగారి పేరు చెక్కిన రాయి పెట్టాలని తీర్మానించారు. నేను అడితికి వెళ్ళి అది మా తాతగారి రేవని చెప్పాను. దూలాల మీద కూర్చున్నవాళ్ళు కాళ్ళు కిందికి దించి సర్దుకున్నారు. వ్యాపారి మాత్రం కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు.

"తోట మాదయ్యాక మిగిలినవి నీళ్ళలో రాళ్ళేనా బాబుగారూ? సరే, ఉందంటున్నారుగా. చూపించండి. చూపిస్తే మేమే మీ తాతగారి పేరు చెక్కిస్తాం."

"సంక్రాంతి లోపల చూపిస్తాను" అని వచ్చేశాను. ఎలా చూపిస్తానో అప్పటికి నాకే తెలియదు. చలికాలంలో కృష్ణ తేటగానే ఉంటుంది గాని, వంగి చూస్తే ఆకాశమూ మన మొహమూ తప్ప అడుగున ఏమీ కనిపించదు. ఆ ఆకాశాన్ని నీటిమీద నుంచి తీసేసే గాజు ఒకటుందని ఏదో పాత పత్రికలో చదివిన గుర్తు.

గవర్నరుపేటలో కెమెరా సరుకు అమ్మే కొట్టుకి వెళ్ళాను. కొట్టాయన ముందు ఒక ఎర్ర ఫిల్టరు తీసి, మబ్బులు బాగా రావాలంటే ఇది చాలండీ అన్నాడు. మబ్బులతో నాకు పని లేదన్నాను. అప్పుడు రెండు పోలరైజర్లు తెచ్చి గాజు బల్ల మీద పెట్టాడు. ఒకటి చిన్నది, ఎవరో వాడి అమ్మినది, అంచున తెల్లగీత ఉంది. రెండోది పెద్దది, మద్రాసునుంచి వచ్చిన కొత్త సరుకు, పట్టుగుడ్డ పరిచిన పెట్టెలో ఉంది. "మీది ఏ కెమెరా అండీ?" అని అడిగాడు. మామూలు ప్రశ్న. కాని ఆ రోజుల్లో ఏ ప్రశ్న అయినా నా చెవికి, నీకు ఏముందిరా అన్నట్టే వినిపించేది. "కెమెరా లేనివాణ్ణి ఇక్కడికి ఎందుకొస్తాను?" అని పెద్దదాన్ని వేలితో చూపించాను. కంటికి పెట్టుకుని చూడలేదు, అంచు తిప్పి చూడలేదు, కొలత అడగలేదు. దానికోసం ఏం అమ్మానో అప్పుడు ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను.

ఇంటికొచ్చి చూస్తే అది మా కెమెరాకి పట్టలేదు. పిల్లవాడి తలకి పెద్దవాడి టోపీలా జారిపోయింది. చిన్నదైతే అతికినట్టు పట్టేదని అప్పుడు తెలిసింది. నాయనమ్మ చూసి, "తిరిగిచ్చి రావడం మనకి లేదు కదా" అంది. లేదన్నాను. అంతటితో ఆ సంగతి అయిపోయింది, ఇబ్బంది మాత్రం మిగిలింది.

ఆదివారం బస్సెక్కి కొండపల్లి వెళ్ళాను. చిన్నప్పుడు మా ఇంటికి ఏటా దశావతారాల బొమ్మలు తెచ్చే ఆయన అక్కడ ఇంకా పని చేస్తున్నాడు. కెమెరానీ గాజునీ ముందు పెట్టి, ఈ రెండింటినీ కలపాలన్నాను. ఆయన తెల్లపొణికి కొయ్య ముక్క తీసుకుని, కెమెరా కంటిని వేలితో తడుముతూ, చెక్కుతూ, పెట్టి చూస్తూ, మళ్ళీ చెక్కుతూ మధ్యాహ్నానికి ఒక ఉంగరం తయారుచేశాడు. ఆ కొయ్య ఎంత తేలికంటే చేతిలో ఉన్నట్టే తెలియదు. "రంగు వెయ్యకపోతే తేమకి ఉబ్బుద్దండి" అని, చిలకల కోసం కలిపిన రంగు అక్కడే ఉంటే అదే పూసేశాడు. పైన ఎర్రటి చుక్క ఒకటి పెట్టాడు. అదెందుకన్నాను. "చిలక్కి కన్ను లేకుండా ఎట్టా పంపిస్తామండీ" అన్నాడు.

రేవు దగ్గర నన్ను పడవ ఎక్కించినాయన మా నాయనమ్మకంటే కొంచెం చిన్న. చేపలవేట, పడవ నడపడం తప్ప వేరే పని ఎరగడు. ముందురోజే నీళ్ళలో దిగి కొబ్బరిపీచుతో చప్టా రాయి మీద పాచి తోమిపెట్టాడు. నీళ్ళు తేరుకునేదాకా ఆగి మర్నాడు పొద్దున వెళ్ళాం. గెడ గుచ్చి పడవ నిలబెట్టాడు. "మా తాతగారి రాయి చూడబోతున్నాం పెద్దయ్యా" అన్నాను. ఆయన నీళ్ళవైపు చూసి, "చూద్దారి అబ్బాయిగారూ" అన్నాడు. నేను ఆయన మాట విన్నాను గాని, ఆయన మొహం చూడలేదు.

ఆ రోజు తీసిన పన్నెండు ఫోటోల్లోనూ ఆకాశమే వచ్చింది. కొట్టాయన ప్రింట్లు చూసి, ఉంగరం చూసి, నవ్వు ఆపుకున్నాడు. "మీది రెండు కళ్ళ కెమెరా అని ఆ రోజే చెప్పుంటే బాగుండేదండీ. దీనికి పై కన్ను చూసుద్ది, కింది కన్ను తీసుద్ది. మీరు గాజు కింది కంటికి పెట్టి, పై కంట్లోంచి చూస్తా తిప్పితే ఏం తెలుసుద్ది? ముందు పైదానికి పెట్టి తిప్పండి. తళుకు ఎక్కడ పోయిందో అక్కడ ఆపి, ఆ చుక్క ఏ వైపుందో చూసుకోండి. అదే వైపుకి ఉండేట్టు కింద పెట్టండి. వెలుతురు కూడా తినేసుద్ది అది, షట్టరు ఎక్కువసేపు తెరవండి." చిలక కన్ను పనికొచ్చింది. మొదటిసారి ఆ కొట్లో నేను కుర్చీ తీసుకుని కూర్చుని, ఆయన చెప్పినదంతా రెండోసారి చెప్పించుకుని మరీ విన్నాను.

రెండోసారి పడవలో నిలబడి, గాజు పై కంటికి తగిలించి నెమ్మదిగా తిప్పాను. తిప్పుతూ ఉండగా నీటిమీది ఆకాశం పక్కకి తప్పుకున్నట్టు పోయింది. మెట్లు కనిపించాయి. మెట్ల మీద చేపపిల్లలు, వాటి నీడలు. ఆ తర్వాత చప్టా, మూలన పగులు, అక్షరాల వరసలు. ఆ కెమెరాలో పైనుంచి చూసే గాజు మీద కుడిఎడమలు తారుమారుగా పడతాయి కాబట్టి చదవలేకపోయాను. ఫిల్టరు తీసి కంటికి పెట్టుకుని చదువుకోవచ్చు కదా అని మా మేనకోడలి కూతురు అడిగింది. చదువుకోవచ్చు. అందులో ఏముందో నాకు ముందే తెలుసన్న ధీమాతో చదవలేదు. ఎర్రచుక్క చూసుకుని, ఉంగరం కింది కంటికి మార్చి, ఫిల్ము రోలు అయిపోయేదాకా ఫోటోలు తీశాను.

స్టూడియో చీకటిగదిలో ప్రింటు మీద అక్షరాలు తేలుతున్నప్పుడు చదివాను. ఈ రేవు పడవలవాళ్ళూ వలలవాళ్ళూ తలా ఒక చెయ్యి వేసి కట్టుకున్నదని ఉంది. కింద నాలుగు పేర్లు. ఆ కింద చిన్న చేప బొమ్మ. నాలుగు పేర్లలో మా తాతగారిది లేదు. వ్యాపారి నాన్నగారిదీ లేదు.

చింపేస్తే ఎవరికీ తెలియదు. ఆకాశం పడిన పన్నెండు ప్రింట్లు ఎలాగూ ఉన్నాయి, రాలేదని చెప్పేయవచ్చు. ఆ సాయంత్రం బందరు కాలవ వంతెన మీద చాలాసేపు నిలబడ్డాను. మర్నాడు కమిటీలో ఎంతమంది ఉన్నారో అన్ని ప్రింట్లూ, పైన ఒకటీ వేయించాను.

అడితిలో వ్యాపారికి మొదటి ప్రింటు ఇచ్చాను. ఆయన పెదాలు కదుపుతూ చదివాడు. తర్వాత నన్ను పక్కకి పిలిచి మెల్లగా అన్నాడు.

"ఇది మీకూ పనికిరాదు, నాకూ పనికిరాదు. చింపేద్దాం. రెండు పేర్లూ పక్కపక్కనే వేయిస్తాను. మీ తాతగారిది ముందే వేయిస్తా, సరేనా?"

"మా తాతగారు కట్టించనిదాని మీద ఆయన పేరు ఉండదండీ. మీ నాన్నగారిదీ ఉండదు. చింపుకోండి, నెగటివులు నా దగ్గరున్నాయి" అని, మిగతా ప్రింట్లు దూలాల మీద కూర్చున్న అందరికీ పంచాను. ఒకటి తీసుకుని, గుమ్మం బయట తలపాగా చేతిలో పట్టుకుని నిలబడ్డ పడవ పెద్దాయనకి ఇచ్చాను. ఆయనకి చదువు రాదు. ప్రింటుని అటూ ఇటూ తిప్పి, మూలన పగులు మీద వేలు పెట్టాడు.

"ఈ పగులు నా కాలికి తెలుసండి."

నేను నాలుగు పేర్లూ చదివాను. మూడో పేరు దగ్గర, "మా తాతండి" అన్నాడు.

"ముందే చెప్పలేదేం పెద్దయ్యా?"

"మీరు అడగలేదు గదండీ. మీ తాతగారిదని చెప్పారు. పెద్దింటోళ్ళు చెప్పాక మేమేం చెప్తామండి?"

ఆ మాట నాకు తగిలినంతగా వ్యాపారి మాటలేవీ తగల్లేదు. కమిటీ రాయి సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఒడ్డు వైపు మెట్లు తర్వాత పడవలవాళ్ళే బాగుచేసుకున్నారు. ఆ ప్రింటు వాళ్ళ టీకొట్లో చాలా ఏళ్ళు ఉంది.

ఇంటికి వెళ్ళి నాయనమ్మకి చదివి వినిపించాను. ఆవిడ మంచం మీద నిటారుగా కూర్చుని చివరిదాకా విన్నది. చేప బొమ్మ ఎక్కడుందని అడిగింది, చూపించాను.

"మీ తాత ఆ రేవు తను కట్టించానని ఎప్పుడూ అనలేదురా. అన్నది నేను. అన్నీ పోతుంటే నీకు ఏదో ఒకటి మిగలాలి గదా అని" అంది. తర్వాత, "పంచేశావా?" అంది.

"అందరికీ పంచేశాను."

"ఒకటి మనకీ ఉంచు. గోడకి పెట్టు" అంది. అదే ఈ ఫోటో.

మా మేనకోడలి కూతురు ఉంగరాన్ని కిటికీవైపు పెట్టి తిప్పుతోంది. ఏది కొనమంటావు తాతయ్యా అని మళ్ళీ అడిగింది. ముందు నీ కెమెరా మూతి కొలత తెలుసుకో అన్నాను. కంటికి పెట్టి, సూర్యుణ్ణి భుజం పక్కన ఉంచుకుని తిప్పి చూడు, ఆకాశం చిక్కబడకపోతే వద్దను. అంచు తిరక్కుండా పట్టేస్తే వద్దను. ధర అడుగు, పట్టకపోతే వెనక్కి ఇచ్చెయ్యి, సిగ్గుపడకు. కనిపించిందాన్ని అక్కడే చదువు, కంప్యూటరు దాకా ఆగకు. వచ్చింది నీకు నచ్చకపోయినా గోడకి పెట్టు.

రాయి మీద మా పేరు ఉందనుకుని బతికింది ఇరవై ఎనిమిదేళ్ళు, లేదని తెలిసి బతికింది యాభై దాటింది. లెక్కకి ఎక్కువైనవి అవే, తల ఎత్తుకుని నావి అని చెప్పుకోగలిగినవీ అవే.