మామ విమానానికి రెండో పంపు

ఆ రోజుల్లో మా ఇంట్లో భయమేస్తే భయమేస్తోందని చెప్పుకునే ఆచారం లేదు. కడుపులో నొప్పి అనేవాళ్లం, ఎండ దెబ్బ అనేవాళ్లం, ఏదీ కుదరకపోతే 'ఇయ్యాల శనివారం గద' అనేవాళ్లం. అందుకే సిద్దిపేటలో బైకుల షోరూంలో, సర్వీసు కౌంటరు దగ్గర నాకు ఉద్యోగం దొరికిన కొత్తలో మా మేనమామ వచ్చి "బిడ్డా, ఐతారం నాతోటి ఇమానమెక్కుతవా?" అని అడగ్గానే నాకు ఉన్నపళంగా కడుపులో నొప్పి పట్టుకుంది. మామ లోపలికి వెళ్లి వాము నీళ్లు కలిపి తెచ్చి, దగ్గరుండి తాగించాడు. "ఐతారానికి తక్కువైతది తియ్" అన్నాడు.

మామ చాలా ఏళ్లు గల్ఫులో పనిచేశాడు. అందరిలా కట్టడాల మీద కాదు, చిన్న విమానాలు నడిపేవాళ్ల క్లబ్బులో, రేకుల షెడ్డు కింద ఇంజన్లు విప్పి బిగించే పని. తిరిగొచ్చాక ఏ బోరు మోటర్ల దుకాణమో పెడతాడని ఊరంతా అనుకుంటే, నంగునూరు దగ్గర తన ఖాళీ కోళ్ల షెడ్డులో పెద్ద పెద్ద చెక్క పెట్టెలు దింపించాడు. వాటిలో విమానం ఉంది, ముక్కలుగా. ఇద్దరు కూర్చునే ఆ విమానాన్ని మామ ఒక్కో రేకూ అతికిస్తూ, ఒక్కో రివెటూ కొడుతూ సొంతంగా కట్టాడు. నడపడం నేర్చుకున్నాడు. అనుమతులు తెచ్చుకున్నాడు (విమానం కట్టడం కంటే దీనికే ఎక్కువ కాలం పట్టింది). పొలం పక్కన పడావు పడిన భూమిని చదును చేయించి, ఒక్కడే ఎగరడం మొదలుపెట్టాడు. చూడ్డానికి చుట్టుపక్కల జనమంతా వచ్చేవాళ్లు. ఎక్కమంటే మాత్రం అందరికీ ఎక్కడలేని పనులు గుర్తొచ్చేవి. చివరికి నేను ఎలా దొరికానంటే, "మన ఇంట్ల అందరికన్న అల్కగున్నది నువ్వే" అన్నాడు మామ. సన్నగా ఉన్నందుకు పెళ్లిచూపుల్లో మాట పడ్డాను గానీ, ప్రాణానికే ముప్పు వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

ఇక పంపు సంగతి చెప్పాలి. మామ విమానానికి రెక్కలు కింది వైపు ఉంటాయి. పెట్రోలు ఉండేది ఆ రెక్కల్లోనే. ఇంజనేమో పైన, ముక్కు దగ్గర. పెట్రోలు తనంతట తాను పైకెక్కదు కాబట్టి ఇంజనుతో పాటు తిరిగే పంపు ఒకటి దాన్ని లాక్కుంటుంది. ఆ పంపు చెడిందా, ఇంజను ఆగిపోతుంది. మామ ముందు ఆ ఒక్క పంపుతోనే సరిపెట్టబోతే అత్తమ్మ ఊరుకోలేదు. "బోరు బాయికి స్పేరు మోటరు తెచ్చి ఇంట్ల పెడ్తివి. నువ్వెక్కేదానికి వద్దా?" అని నిలదీసింది. దాంతో బ్యాటరీ మీద నడిచే రెండో పంపు వచ్చింది. ఎగిరేటప్పుడూ దిగేటప్పుడూ దాన్ని వేసి ఉంచాలి, పైకెళ్లాక ఆపాలి, దారిలో పెట్రోలు ఒత్తిడి చూపే మీటరు ముల్లు పడిపోతే వెంటనే మళ్లీ వేయాలి. కానీ అది చివర్లో వచ్చింది కాబట్టి మామ వైపు మీటర్ల మధ్య దాని స్విచ్చుకు జాగా లేదు. నా వైపు, మోకాలి దగ్గర పెట్టాడు. భుజాల మీద బెల్టులు బిగించుకుంటే మామ చెయ్యి అక్కడిదాకా రాదు (ఒక్కడే ఎగిరేటప్పుడు బెల్టు పెట్టుకోకముందే వేసి, దిగేదాకా అలాగే ఉంచేవాడు). అంటే మా ఇద్దరి ప్రాణాలూ నా వేలి కింద ఉన్నాయన్నమాట.

ఆదివారం రానే వచ్చింది. అత్తమ్మ విమానం ముక్కుకు పసుపు, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ దూరంగా రాయి మీద కొట్టింది (రేకు సొట్ట పడుతుందని మామ అరిచాడు). నాకు బెల్టు బిగిస్తూ, "భయమైతుందా?" అని చెవిలో అడిగింది.

"లేదత్తమ్మా, కడుపుల కొద్దిగ..."

"నాగ్గూడ పొద్దుగాల్నుంచి గట్లనే ఉన్నది" అని గబగబా పక్కకు వెళ్లిపోయింది.

"పంపు వెయ్యి బిడ్డా" అన్నాడు మామ. వేశాను. ఇంజను గర్జించింది, నా పళ్లు టకటకలాడాయి, మక్క చేను ఒకటి మా మీదికి పరిగెత్తుకొచ్చి చివరి క్షణంలో కిందికి జారిపోయింది. పైకి వెళ్లాక "ఇగ పంపు బంద్ చెయ్యి" అన్నాడు. ఆపాను. ముల్లు కదల్లేదు. మామ హుషారుగా ఈల వేస్తూ "అగో మనూరు, అగో చెర్వు" అని చూపిస్తున్నాడు. నేను ఊరూ చూడలేదు, చెరువూ చూడలేదు. రెక్క మీది రివెట్లను ఒక్కొక్కటే అనుమానంగా చూస్తూ, వేలు మాత్రం స్విచ్చు మీద నుంచి తీయలేదు. దాన్ని ముట్టుకుని ఉంటే మెడలో తాయెత్తు ఉన్నట్టు ధైర్యంగా ఉంది.

మిరుదొడ్డి వైపు తిరిగామో లేదో, ముల్లు వణికింది. తర్వాత మెల్లగా కిందికి వాలడం మొదలుపెట్టింది.

"మామా... ముల్లు..."

"ఏం ముల్లే?"

అప్పుడు ఇంజను దగ్గింది. ఒకసారి దగ్గి, ఊపిరి పీల్చుకుని, మళ్లీ దగ్గింది. 'బండి మిస్సింగు కొడుతుంది మేడమ్' అని కౌంటరు దగ్గర రోజూ ఎంతమంది చెప్పేవాళ్లో! 'కూర్చోండి సార్, చూస్తాం' అని నవ్వుతూ అనేదాన్ని. కూర్చుని ఉన్నప్పుడు మిస్సింగు కొడితే ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది. మామ ముఖం తెల్లబడింది. విమానాన్ని తిప్పే కర్రను రెండు చేతులతో పట్టుకుని, కింద దిగేందుకు జాగా వెతుకుతూ గట్టిగా అరిచాడు: "ఇడు! ఇడు!"

మా వైపు ఆ మాట వింటే ఎవరికైనా ఇడువు, ఇడిసిపెట్టు, వదిలెయ్ అనే తోస్తుంది. నేను చటుక్కున స్విచ్చు మీది నుంచి వేలు తీసేశాను. ఇంజను ఇంకా డీలా పడింది. "ఇడూ!" అని మామ గొంతు చించుకున్నాడు. ఇంకేం వదలాలో తెలియక తలుపు పిడి వదిలాను, ఒళ్లోని సంచి వదిలాను, బెల్టు పట్టుకున్న రెండో చేతినీ వదిలి, పోలీసులకు దొరికిన దొంగలా రెండు చేతులూ పైకెత్తాను. "అన్ని ఇడిసిన మామా! ఇంకేం పట్టుకోలే!" అని ఏడుస్తూ అరిచాను. అంతలో ఇంజను చప్పుడు ఆగిపోయింది. ముందున్న పంకా గాలికి ఊరికే తిరుగుతోంది. అంత పైన, ఉత్త గాలి చప్పుడు. కింద పత్తి చేనులో ఒక బర్రె తలెత్తి చూస్తోంది. దాని కొమ్ములు కనిపించేంత కిందికి వచ్చేశాం. ఆ కొమ్ములు నాకిప్పటికీ గుర్తే, ఒకటి వంకర.

మామ నా వైపు తిరిగాడు. గాల్లో ఉన్న నా చేతులు చూశాడు. అప్పుడు ఆయన నోటి నుంచి పుట్టిన ఊరి మాట వచ్చింది.

"ఓ పిల్లా! మోటరెయ్యే!"

ఎన్ని వేసవులు పొలం గట్టు మీద ఆ కేక విని బోరు మోటరు వెయ్యడానికి పరిగెత్తానో! నా బుర్రతో పనిలేకుండా చెయ్యి తనంతట తాను వెళ్లి స్విచ్చు నొక్కింది. కాళ్ల కింద ఎక్కడో చిన్నగా గుర్రుమంది. ముల్లు లేచింది. ఇంజను రెండుసార్లు తుమ్మి, అందుకుంది. బర్రె చిన్నదైపోయింది. వెనక్కి వచ్చేదాకా మామ కర్రను వదల్లేదు, నేను ముల్లు మీది నుంచి చూపు తీయలేదు. దిగేటప్పుడు చక్రాలు నేలకు తగిలి విమానం కుందేలులా రెండు గెంతులు గెంతింది. నేల తగలడమే చాలనిపించింది.

తర్వాత చెప్పాడు మామ. గల్ఫు షెడ్డులో ఆయనతో పనిచేసినవాళ్లంతా మలయాళీలట. వాళ్ల భాషలో 'స్విచ్చు ఇడు' అంటే స్విచ్చు వెయ్యమనట. పని నేర్చుకున్న చోటి మాటే, ప్రాణం మీదికొచ్చేసరికి నోట్లోంచి దూకింది. ఇంజను విప్పి చూస్తే, మొదటి పంపులోని రబ్బరు పొర అడ్డంగా చిరిగి ఉంది. మామ దాన్ని అరచేతిలో పెట్టుకుని నాకు చూపించాడు. "నాకు భయమైంది బిడ్డా" అన్నాడు. మా ఇంట్లో ఎవరైనా అలా ఒప్పుకోగా నేను వినడం అదే మొదలు. అత్తమ్మ మామ వీపు మీద ఒక్క దెబ్బ గట్టిగా చరిచి, ఆ చేత్తోనే కళ్లు తుడుచుకుంది.

కొత్త పంపు వచ్చింది. స్విచ్చు మామ వైపుకు మారింది (దానికోసం గడియారం పీకేశాడు). మామ మళ్లీ ఒంటరిగా ఎగిరిన రోజు నేను అత్తమ్మతో కింద నిలబడ్డాను. అదెంత తప్పో అప్పుడు తెలిసింది. విమానం గుట్ట అవతలికి పోయి చప్పుడు వినబడకుండా పోయినప్పుడు, కింద నిలబడిన మా ఇద్దరికీ ఊపిరి ఆడలేదు. పైన ఉన్నప్పుడు పడిన భయం దీని ముందు ఎంత! మామ దిగగానే వెళ్లి, "నన్ను గూడ తీస్కపో" అన్నాను. ధైర్యం వచ్చి కాదు, కింద ఉండలేక.

అలా ఆ రోజు మామతో మళ్లీ ఎగిరి దిగాక అత్తమ్మ ఫోనులో నా ఫొటో తీసింది. మామ కళ్లు మసకబారాక విమానం ఎవరో కొనుక్కుని తీసుకుపోయారు గానీ, ఫొటో ఇంకా నా దగ్గరే ఉంది. ఇప్పుడు మూడో అంతస్తు బాల్కనీలో బట్టలు ఆరెయ్యడానికి కూడా కటకటాలు పట్టుకునే నేను అప్పుడప్పుడు దాన్ని తీసి చూస్తాను, 'ఎవరే నువ్వు?' అని నవ్వుకుంటాను. ఆ బక్కపిల్ల నన్ను పట్టించుకోదు. జుట్టంతా రేగిపోయి, రెక్క మీద ఒక చెయ్యి వేసి, ఎండకు కళ్లు చికిలించుకుని పైకే చూస్తూ ఉంటుంది.