పిక్కల మోటరు

“మడిమలు లేపుతున్నవా?” అన్నడు మా ఆయన, దవాఖాన మంచం మీదినుంచి.

“లేపుతున్న గానీ నువ్వు పండుకో” అన్న నేను, పక్కన నిలవడి. ఇద్దరి నడుమ అదే ఆఖరు మాట.

సుజాతా, నువ్వు మా చెల్లె బిడ్డవు, సదువుకున్నదానివి. నేను చెప్పినట్టే రాయి.

ఆయన ఫౌజుల పదిహేడేండ్లు చేసిండు. నేను అత్తగారి పొలంల. ఫౌజు కొలువు దిగినంక జిన్నారం తొవ్వల మందుల కంపెనీకి హెడ్‌గార్డు అయిండు. ఆడకూలీలను చెక్ చేసెతందుకు ఆడమనిషి కావాలంటే నన్ను తీస్కపోయిండు. తొంభైలల్ల ముచ్చట. ఎండకాలం. పొద్దుగాల ఆరింటికి రెండో గేటుకాడ హాజరైన. ఖాకీ చీర, నల్ల బూట్లు, ఒక విజిల్. కుర్సీ లేదు. పగటీలి రెండింటిదాకా నిలవడుడే.

మేనేజరు అన్నడు: “నెల సూస్త. పడిపోతే ఇంటికే.”

పోతే మళ్ల ఆయన ఒకకాడ, నేనొకకాడ.

మూడో దినం కాళ్లు ఉబ్బినయి. వాపు పైకి ఎక్కొద్దని మోకాళ్ల కింద గుడ్డ బిగించి కట్టిన. పాదాలు నీలమైనయి. ఆయన సూసి పక్కున నవ్విండు.

“ఓ పిస్సదానా! పైకి పోయే నెత్తురుకు అడ్డం కడితివి గద! పట్టీ వేళ్లకాడికెళ్లి పైకి చుట్టాలె. కింద గట్టిగ, పైన వదులు.”

“గుండె గుంజుకోదా?”

“గుండె కిందికి తోస్తది. పైకి ఎక్కిచ్చే మోటరు నీ పిక్క. పిక్క బిగిస్తే నరం పిసికినట్టయి నెత్తురు ఎక్కుతది. బోరుకు ఫుట్‌వాల్ ఉన్నట్టు నరంల తలుపులుంటయి, ఎక్కినదాన్ని దిగనియ్యవు. కదలకుంటే నెత్తురు కాళ్లల్లనే నిలుస్తది, నెత్తికి అందదు. పరేడ్‌ల మేం బూట్లల్లనే వేళ్లు ముడుస్తుంటిమి, మడిమలు జెర లేపుతుంటిమి. ఎవ్వనికీ కనవడదు.”

నెలాఖరుకు కంపెనీ పెద్దసారు వస్తడన్నరు. పదకొండింటికి లైన్ల నిలవెట్టిన్రు. పన్నెండైంది. వాకీటాకీ ఒర్రింది: “గేటు రెండు, గేటు ఒకటి. సారు తొవ్వల ఉన్నడు. ఓవర్.”

నేను వేళ్లు ముడుస్తున్న, ఇడుస్తున్న. మా ఆయన నా పక్కన కట్టె లెక్క నిలవడ్డడు. కారొచ్చింది. ఆయన జోరుగ సెల్యూట్ కొట్టిండు. కొట్టి గట్లనే కూలిండు.

“లేపి కూసోవెట్టుండ్రి!” అని మేనేజరు ఒర్రిండు.

“వద్దు సార్! పండనియ్యుండ్రి” అన్న. వెల్లకిల పండవెట్టి, రెండు కాళ్లెత్తి నా భుజాల మీద పెట్టుకున్న. నిమిషంల కండ్లు తెరిసిండు.

“మడిమలు లేపలేదా?” అన్న.

“పెద్దసారు ముంగట కదల్తరానే?” అన్నడు సిగ్గుతోని.

పెద్దసారు నవ్విండు. “ఈమె ఉండాలె” అన్నడు మేనేజరుతోని. పదకొండేండ్లున్న. మా ఆయన దవాఖానల పోయినంక విజిల్ అప్పజెప్పి ఇంటికొచ్చిన.

రెండు పాలిష్ బూట్లు నా చెవులకు అటొకటి ఇటొకటి, నడుమ తెరుసుకుంటున్న ఆయన కండ్లు. అదొక్కటి మతిల నుంచి పోతలేదు. ఇప్పటికీ రేషన్ లైన్ల నిలవడితే మడిమలు వాటంతటవే లేస్తయి.

సుజాతా, ఇగ రాసింది జెర సదువు. ఆయన పాలిష్ బూట్లకాడ్నుంచి.