కుడిపక్కన కూర్చునేవాళ్ల పని

డెబ్బైల చివర్లో వికారాబాద్ నుంచి తాండూరు పోయే బస్సులో, నా ఎడమ పక్క కిటికీ సీటులో ఒక పెద్దమనిషి కూర్చున్నాడు. ఒళ్లో తువ్వాలలో చుట్టిన కార్బురేటర్. ఆ పెట్రోలు వాసన నాకు పడలేదు.

ముందు బండల లారీ ఒకటి దారి ఇవ్వడం లేదు. దాన్ని దాటడానికి మా డ్రైవరు బస్సును కుడికి తిప్పగానే పెద్దమనిషి నన్ను మోచేత్తో పొడిచాడు.

"ఎదురుంగ ఏమన్న వస్తున్నదా? జర చూసి చెప్పుండ్రి."

"డ్రైవర్ చూసుకుంటడు గదా!" అన్నాను విసుగ్గా.

ఆయన నాలిక కరుచుకున్నాడు. "మాఫ్ చెయ్యుండ్రి సారూ, అలవాటు. నాది పాత అమెరికా కారు. ఎనిమిది సిలిండర్లు, తొక్కితే మస్తు ఉరుకుతది. స్టీరింగ్ ఎడమ దిక్కుంటది. ముంగటి బండిని దాటాల్నంటే నాకు రోడ్డు కనవడదు. కుడిపక్క మా ఇంటామె కూసొని చూసేది. బురఖా జర పైకి లేపి 'ఖాళీ ఉన్నది, పోనియ్యి' అనేది. పదకొండేండ్లల్ల బండికి ఒక్క గీత పడలే."

"ఇప్పుడు?"

"ఆమె పోయి ఏడాదైంది. అప్పటిసంది బండి షెడ్డుల్నే ఉన్నది." ఆయన తువ్వాల సర్దుకున్నాడు. "దీన్నయితే తాండూరు మేస్త్రి బాగుచేస్తడు."

కాసేపటికి బస్సు మళ్లీ కుడికి జరిగింది. ఆయన తల ఎత్తలేదు. నేనే పక్కకు వంగి ముందు అద్దంలోంచి రోడ్డు చూశాను.

"ఖాళీ ఉన్నది, పోనియ్యుండ్రి" అన్నాను.

ఆయన కుడికాలు మెల్లగా నేలను తొక్కింది.