మార్గశిరంలో ఆకాశదీపం

కొల్లేరు చూడడానికి సరదాగా వెళ్లేవాళ్లు చాలామందే ఉన్నారు. నేను వెళ్లింది మా చెల్లెలి గాజులు పగలగొట్టే తంతుకు. అయినా దారి అందరికీ ఒకటే గనుక, వెళ్లదలచిన వాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

మా చెల్లెలు కామాక్షి భర్త సూర్యం కొల్లేటి నడుమ ఒక లంకలో కరణం. కార్తీకం మొదట్లో గాలివాన పట్టిన రోజున పక్క లంకకు తాటిదోనెలో ఒక్కడే బయలుదేరాడు. దోనె, నీళ్లలో ఏపుగా పెరిగే కిక్కిసగడ్డిలో బోర్లాపడి దొరికింది. మనిషీ దొరకలేదు, శవమూ దొరకలేదు. నెల దాటాక, ఇక కర్మ చేయించేద్దామని అతని పెదనాన్నగారు కబురు పెట్టారు. శవం లేనప్పుడు మోదుగ కాడలతో మనిషి బొమ్మ కట్టి దహనం చేస్తారు. అది కాలాక భార్య బొట్టు చెరుపుతారు. ఇదంతా లోటు లేకుండా నడిపించడానికి మా ఇంటి పండితుడు కావలసివచ్చాడు.

ఆ పండితుడు శాస్త్రి, పోయిన మా ఆయనకు తమ్ముడు. ఇతనికి తెలియని సంగతి లేదు. దేవుడు ఏ పని ఎందుకు చేశాడో దేవుడికంటే ముందు ఇతనికి తెలుస్తుంది. నా బొట్టు చెరిపిన నాడు కూడా, అలా ఎందుకు జరగవలసి వచ్చిందో అరుగు మీద కూర్చుని ఊరందరికీ వివరించింది ఇతనే. నేను లోపల గోడకు తల ఆనించుకుని ప్రతి ముక్కా విన్నాను. ఆ తరువాత చదువుకుని తాడేపల్లిగూడెం ఆడపిల్లల బడిలో పంతులమ్మనయ్యాను. నోరు కూడా అప్పుడే వచ్చింది.

ఉదయం ప్యాసింజరు ఏడున్నరకు రావాలి, ఎనిమిది దాటాక వచ్చింది. మూడో తరగతి ఆడవాళ్ల పెట్టెలో ఒక కోళ్లగంప, దాని చుట్టూ ఎనమండుగురు మనుషులు ఉన్నారు. అందుచేత మగవాళ్ల పెట్టెలోనే శాస్త్రి పక్కన కూర్చున్నాను. నా ట్రంకుపెట్టె అడుగున మా అమ్మ ఒక తెల్లచీర పెట్టింది, కామాక్షికి. నేను వద్దనలేదు.

పెంటపాడు రైతు ఒకాయన మా సంగతి విని, "పోలేదండీ, రంగూను వెళ్లిపోయుంటాడు. మా బావమరిదీ అలాగే వెళ్లాడండీ" అన్నాడు రూఢిగా. కిటికీ దగ్గర ఖద్దరు కట్టుకున్న కుర్రాడు కాదన్నాడు, జైల్లో ఉండి ఉంటాడన్నాడు. భీమడోలు వచ్చేసరికి సూర్యం రెండుసార్లు చచ్చి, మూడుసార్లు బతికాడు. ఎదురుగా కూర్చున్న ముసలి సాయిబుగారు, ఏలూరులో తివాచీల వ్యాపారి, మాత్రం తల పంకించి, "మనకేం తెలుసు తల్లీ, ఆ పైవాడికి తెలుసు" అని ఊరుకున్నారు.

శాస్త్రి ఊరుకోలేదు. "తెలుసుకోలేకపోవడం అజ్ఞానమండీ. అందుకే శాస్త్రాలున్నాయి" అంటూ ఏలూరు దాకా జాతకచక్రాలు తిప్పాడు. సాయిబుగారు మర్యాదగా విన్నారు, దెందులూరు దాటాక మర్యాదగానే నిద్రపోయారు.

ఏలూరులో కాఫీ హోటలు స్టేషను దగ్గరే ఉంది. నాలాంటి వాళ్లు అక్కడ తినకూడదు గనుక అరటిపళ్లు కొనుక్కున్నాను. శాస్త్రి లోపల ఉప్మా తింటూ అన్నపు దోషాలను గురించి పక్కవాడికి చెబుతుండడం బయటికి వినబడింది. అక్కడి నుంచి ఎడ్లబండిలో మధ్యాహ్నానికి కొల్లేటి ఒడ్డు చేరాం. చెప్పులు అక్కడే విప్పి చేత పట్టుకోండి, మోకాలిలోతు బురద. రెండు తాటిదోనెలు కలిపి కట్టిన జంటదోనెలో కూర్చోబెట్టి గడ వేస్తూ తీసుకువెళతారు. కదిలితే తిట్లు పడతాయి. గూడబాతులు బాగానే ఉన్నాయి, వాటిని చూసే మనసు నాకే లేదు.

సూర్యం ఇంటి వాకిట్లో సభ తీరి ఉంది. దుఃఖం కోసం చేరారనుకున్నాను. కాదు, గడ్డి కోసం చేరారు. ఆ లంకలో మోదుగచెట్టు లేదు. బొమ్మను కిక్కిసతో కట్టవచ్చునని పెదనాన్నగారు, దర్భ తప్ప పనికిరాదని పురోహితుడు, గంట నుంచి వాదించుకుంటున్నారట. మనిషి పోయాడా లేదా అన్న సందేహం ఒక్కరికీ లేదు. ఏ గడ్డితో కాల్చాలన్నదే సందేహం. నాకు నవ్వు వచ్చింది, ఆ వెంటనే ఒళ్లు మండింది.

వాకిట్లో ఒక వెదురుగడ పాతి ఉంది. దాని కొసన చిల్లుల కుండలో ప్రమిద. కార్తీకంలో పితృదేవతల కోసం ఎత్తే ఆకాశదీపం. మార్గశిరం వచ్చి పదిరోజులైనా దింపలేదు.

శాస్త్రి రాగానే తీర్పు చెప్పాడు. మోదుగే కావాలి. ఏలూరు ఎగువన మెట్టలో దొరుకుతుంది, సరైన మోదుగను తాను తప్ప ఎవరూ గుర్తుపట్టలేరు గనుక తానే వెళ్లి తెస్తాడు. ఎల్లుండి దహనం.

అప్పుడు కామాక్షి గుమ్మంలోకి వచ్చింది. బొట్టు ఉంది, చేతినిండా గాజులున్నాయి. మనిషి సగమైపోయింది.

"బావగారూ, ఆయన పోయారని మీకెవరు చెప్పారండీ?"

"జాతకం చెబుతోందమ్మా. అష్టమంలో శని..."

"మా పెళ్లికి పొంతన చూసిందీ మీరేగా. అప్పుడు ఇదే జాతకం చూసి నిండు నూరేళ్లన్నారు."

నేనైతే ఆ మాటను నూరి, కారం పెట్టి విసిరేదాన్ని. మా చెల్లెలు వెటకారమే ఎరగదు, నిజంగా అడిగింది. సభలో ఎవరో దగ్గారు. శాస్త్రి సూక్ష్మగణితమనీ, మరొకటనీ ఏదో అన్నాడు.

"ఉన్నారని నేను అనడం లేదండీ. లేరనీ అనలేను. నాకు తెలియదు. స్వామి నాకు చెప్పలేదు. మీకు చెప్పి ఉంటే చెప్పండి, మీరన్నట్టే చేస్తాను."

శాస్త్రికి కోపం వచ్చింది. "ముందు ఆ దీపం దింపించండి! కార్తీకం దాటాక ఆకాశదీపమేమిటి, నవ్వుతారు" అని లేచాడు. అతనికి జవాబు దొరకనప్పుడల్లా ఎవరో ఒకరు ఏదో ఒకటి దింపవలసి ఉంటుంది.

ఏలూరు చేరేలోగా ఎలాగైనా అతని మనసు మళ్లించాలని నేనూ వెంట బయలుదేరాను. నాలుగు గంటలకు దోనె ఎక్కాం. కొంతదూరం పోయేసరికి మంచు దిగింది. మార్గశిరంలో కొల్లేటి మీద పొద్దు వాలకముందే మంచు పట్టవచ్చు, కాబట్టి వెళ్లేవాళ్లు మధ్యాహ్నమే ఒడ్డు చేరుకోవాలి. మాకు ఎవరూ చెప్పలేదు, చెప్పినా మాలో ఒకరికి అన్నీ తెలుసు కదా.

"ఉత్తరం ఇటు. ఇటు పోనీ" అన్నాడు శాస్త్రి. దోనెవాడు పోనిచ్చాడు. కిక్కిసలో దిగబడ్డాం. "అయితే అటు" అన్నాడు. అటూ కిక్కిసే. చీకటి పడుతోంది. చుట్టూ తెల్లటి మంచు తప్ప దోనె కొస కూడా కనబడడం లేదు.

"నాకూ దిక్కు తెలియడం లేదండీ బాబూ" అని దోనెవాడు గడ పైకి తీసి ఊరుకున్నాడు.

అడుగున నీళ్లు చేరుతున్నాయి. చేతులతో తోడుతున్నాను. సూర్యం కూడా ఇలాగే తోడి ఉంటాడా అనిపించింది. శాస్త్రి పళ్లు టకటకలాడుతున్నాయి.

"వదినా, మనమేమైపోతాం?"

"చక్రం వేసి చూడు నాయనా" అన్నాను. అని, వెంటనే ఏడుపొచ్చింది. నాకూ భయంగానే ఉంది. భర్త పోయిననాడు ఎందుకని అడిగితే జవాబు రాలేదని ఇన్నేళ్లూ దేవుడితో మాట్లాడడం మానేసిన దాన్ని, అప్పుడు చేతులు జోడించాను. ఏం అడగాలో తోచలేదు. ఊరికే జోడించాను.

మంచులో ఎత్తున ఒక ఎర్రటి చుక్క కనబడింది. "దీపమండీ! అమ్మగారి దీపం!" అని దోనెవాడు గడ అందుకున్నాడు. మేము వెళ్లినంతదూరమూ వెళ్లి, తిరిగి లంక పక్కకే వచ్చి ఉన్నాం.

కామాక్షి గడ దగ్గరే తాడు పట్టుకుని నిలబడి ఉంది. దింపమని చెప్పిన మనిషి తడిబట్టలతో ఆ దీపం కిందకే వచ్చి నిలబడ్డాడు. కామాక్షి పొడిపంచె తెచ్చి ఇచ్చింది. వేడివేడి అన్నంలో చారు పోసింది.

తిన్నాక శాస్త్రి మెల్లిగా అడిగాడు. "నెల దాటినా ఎందుకమ్మా ఈ దీపం?"

"పోయినవారైతే పైదారి చూపిస్తుందంటారు కదండీ. ఉన్నవారైతే ఒడ్డు చూపిస్తుంది. ఆ రెంటిలో ఎందులో ఉన్నారో స్వామికి తెలుసు. నాకు తెలియకపోయినా నూనె పోయడం నా చేతిలో పనే గదండీ."

పొద్దున్నే, మంచు విడిపోయాక బయలుదేరాం. నా సెలవు అయిపోయింది. పెదనాన్నగారు రేవు దాకా వచ్చి, "మోదుగ ఎప్పుడు తెస్తారండీ?" అన్నారు. "తేనండీ" అన్నాడు శాస్త్రి. ఎందుకో చెప్పలేదు. నేను ఎరిగినంతలో, అతను కారణం చెప్పకుండా ఒక పని మానేయడం అదే మొదటిసారి.

ఏలూరు స్టేషనులో తివాచీల సాయిబుగారు పార్సిలు కట్టలు ఎక్కించడానికి వచ్చి ఉన్నారు. మమ్మల్ని చూసి లేచి, "ఏమైందండీ శాస్త్రిగారూ? ఆ బాబు సంగతి ఏమైనా తెలిసిందా?" అన్నారు.

శాస్త్రి నోరు తెరిచాడు. శని, అష్టమం, సూక్ష్మగణితం వరసగా వస్తాయని నేను నా ట్రంకుపెట్టె మీద కూర్చున్నాను.

"తెలియదండీ" అన్నాడు.

సాయిబుగారు జరిగి బెంచీ మీద చోటు ఇచ్చారు. ఆ ఒక్క మాట నేర్చుకోవడానికి ఇతనికి కొల్లేరంత నీరు కావలసివచ్చిందని ఒక ఎత్తిపొడుపు నా నాలుక చివర దాకా వచ్చింది. కాని నేను కూర్చున్న పెట్టె అడుగున తెల్లచీర మడత విప్పకుండా ఉంది. తాడేపల్లిగూడెంలో అమ్మ మూత తీసి దాన్ని చూస్తుంది. నా మొహం చూసి, ఉన్నాడా లేడా అని అడుగుతుంది. అన్నిటికీ జవాబు సిద్ధంగా ఉంచుకునే నేను, శాస్త్రి చెప్పిన ఆ జవాబే చెప్పాలి. బండి వచ్చేదాకా ఆ మాటను లోలోపల పలికి చూసుకుంటూ కూర్చున్నాను.