తువాలు కప్పిన కెమెరాలో కనిపించింది

ముందు పోయినవాటి లెక్క రాస్తాను. మా అక్క కుడిచేయి పోయింది. కుడికాలు సగం పోయింది. మాట దాదాపు మొత్తం పోయింది. పదహారేళ్లు నడిచిన దాణా దుకాణం పోయింది. ఆ మడిగెలో ఇప్పుడెవరో ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు. రోజూ పొద్దున్నే నాకు వచ్చే ఫోన్ కూడా పోయింది. విషయం ఏమీ లేకపోయినా అక్క చేసేది, "లేసినవా" అని అడిగి పెట్టేసేది. వీటిలో మళ్లీ కొనుక్కోగలిగింది దుకాణం ఒక్కటే. అక్క కూర్చోని దుకాణం నాకెందుకు?

నేను చదివింది ఏడో తరగతి. లెక్కలు మాత్రం సొంతంగా నేర్చుకున్నాను. గద్వాలలో ముగ్గురు పత్తి వ్యాపారుల దగ్గర లెక్కలు చూస్తాను. దయ్యం, గాలి, చేతబడి అనే పద్దు కింద ఇన్నేళ్లలో నేను ఒక్క అక్షరం రాసుకోలేదు. ఎవరైనా అలాంటి సంగతి చెబితే ఎన్ని గంటలకు, ఎంత దూరం నుంచి, ఎవరెవరు చూశారు అని అడిగేవాణ్ణి. మూడో ప్రశ్నకు వచ్చేసరికి వాళ్లు కోపం తెచ్చుకునేవారు. ఇప్పుడు నా సంగతి చెబుతున్నాను కాబట్టి ఆ ప్రశ్నలకు నేనే ముందు జవాబు చెప్పాలి.

మా అక్క పేరు సత్తెమ్మ. నాకంటే తొమ్మిదేళ్లు పెద్దది. మా బావ పోయిన తర్వాత ఆత్మకూరులో పశువుల దాణా దుకాణం పెట్టింది. పత్తి చెక్క, పల్లి చెక్క, తవుడు, శనగ పొట్టు అమ్మేది. పాన్‌గల్ వైపు నుంచి కూడా రైతులు వచ్చేవారు. పిల్లలు లేరు. దుకాణంలో ఒక్కతే. బీపీ ఉంది. మాత్ర వేసుకున్నావా అంటే వేసుకున్నానంటుంది కానీ, మాత్రల అట్ట చూస్తే అది నిజం కాదని తెలిసిపోతుంది.

అందుకే కెమెరాలు పెట్టించాను. దొంగల భయం రెండోది. నేను గద్వాలలో ఉండి ఫోన్‌లో అక్కను చూసుకోవచ్చు, ఏమైనా అయితే వెంటనే ఎవరినైనా పంపవచ్చు అన్నది మొదటిది.

ఆత్మకూరులో జహంగీర్ అనే అతను కెమెరాలు బిగిస్తాడు. దుకాణం లోపల ఒకటి, బయట షట్టర్ ఎదురుగా ఒకటి బిగించాడు. లోపలిది బిగించిన తర్వాత, "అక్కా, జర నవ్వు. బొమ్మ సక్కగ వస్తుందో లేదో చూస్త" అన్నాడు.

"నేను నవ్వితే దాణా రేటు తగ్గియ్యమంటరు. నువ్వు గట్లనే చూసుకో" అంది అక్క.

బిగించడం వరకే అతని పని. దూరం నుంచి ఫోన్‌లో కనిపించేలా చేయడం నేనే నేర్చుకుని చేశాను. కేబుల్ అతనితో మాట్లాడి దుకాణంలోకి ఇంటర్నెట్ లైన్ వేయించాను. రికార్డర్‌ను దానికి కలిపాను. రికార్డర్ మీదున్న చదరపు గుర్తును ఫోన్‌తో స్కాన్ చేసి, పాస్‌వర్డ్ పెట్టాను. మొదటి రెండుసార్లు నల్ల తెరే వచ్చింది. బొమ్మ నాణ్యత తగ్గిస్తే లైన్ మోయగలదని లెక్క వేసి తగ్గించాను. మూడోసారి గద్వాలలో మా ఇంటి అరుగు మీద కూర్చుని ఫోన్ తెరిస్తే, ఆత్మకూరులో అక్క తవుడు తూస్తూ కనిపించింది. ఆ రోజు నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

అక్కకు అంత సంతోషం లేదు. "నువ్వు గద్వాలల కూసొని నన్ను చూస్తవు. మరి నేను నిన్నెట్ల చూడాలె?" అని అడిగింది. ఆ ప్రశ్నకు అప్పుడు నవ్వాను.

అక్కకు ఒక పట్టింపు ఉండేది. తినేటప్పుడు అన్నం మీద ఎవరి కన్నూ పడకూడదు. చిన్నప్పుడు మా ఇంట్లో కూడా గోడవైపు తిరిగే తినేది. దుకాణంలో మధ్యాహ్నం షట్టర్ సగం దించి తినేది. షట్టర్ సగం దిగి ఉందంటే సత్తెమ్మ అన్నం తింటోందని అర్థం. అది ఆ వీధికంతా తెలుసు. ఎంత తొందర ఉన్నా ఎవరూ వంగి లోపలికి చూసేవారు కాదు, బయట మెట్టు మీద కూర్చునేవారు.

కెమెరా వచ్చాక దానికీ అదే నియమం పెట్టింది. అన్నం డబ్బా తెరిచే ముందు స్టూలు వేసుకుని, లోపలి కెమెరా మీద ఎర్ర గళ్ల తువాలు కప్పేది. నేను వద్దన్నాను. "అన్నం మీద ఎవ్వల కన్ను పడొద్దు తమ్మీ. నీ కన్నయినా సరే" అంది. తిన్న తర్వాత ఒక్కోసారి తువాలు తీయడం మరిచిపోయేది. అప్పుడు నేను ఫోన్ చేసి గుర్తు చేసేవాణ్ణి.

నిరుడు ఎండాకాలం. మధ్యాహ్నం. ఆ పొద్దున వ్యాపారి దగ్గర పని ఎక్కువై ఫోన్‌లో దుకాణం చూడలేదు. ఇంటికి అన్నానికి వచ్చి, చేతులు కడుక్కునే ముందు ఫోన్ తెరిచాను.

లోపలి కెమెరా బొమ్మ వచ్చింది. తువాలు లేదు. అక్క సంచుల పక్కన కింద కూర్చుని ఉంది. నేను చూస్తుండగానే ఎడమచేత్తో సంచి అంచు పట్టుకుని లేవబోయింది. కుడివైపుకు ఒరిగింది. అలాగే మెల్లగా పడిపోయింది, నిద్రలోకి జారినట్టు. డబ్బా మూత చేతిలోంచి జారి, దొర్లుకుంటూ వెళ్లి, తవుడు తూచే కాంటా కాలికి ఆనుకుని నిలబడింది. గోడ పక్కన సంచులు మూడు వరుసలు ఉన్నాయి. చూడగానే లెక్కపెట్టడం నాకు అలవాటు కాబట్టి అది గుర్తుంది.

బొమ్మ పై మూలలో గంటలు, నిమిషాలు వస్తాయి. అవి కూడా చూశాను. ఏమున్నాయో మాత్రం గుర్తు లేదు. చూసి మరిచిపోయిన అంకె నా జీవితంలో అదొక్కటే.

వెంటనే ఫోన్ చేశాను. రెండో రింగుకే ఎత్తింది.

"ఏంది తమ్మీ?"

"అక్కా, బాగున్నవా? నువ్వు కింద పడ్డట్టు కనిపిస్తుంది ఫోన్‌ల."

"నేను పడుడేంది? కూసొని అన్నం తింటున్న. తువాలు కప్పిన గద, నీకేం గనవడ్తది?"

"తువాలు కప్పినవా?"

"కప్పకుంటనే తింటనా? నీ ఫోనుకే పరేషాన్ అయినట్టుంది. నువ్వు దిన్నవా?"

"ఇంకా లేదక్కా."

"తిను పో."

మా అక్క నాతో పూర్తిగా పలికిన చివరి మాట అదే.

పక్కన నా భార్య పద్మ ఉంది. చూసింది ఆమెకు చెప్పాను, మూత దొర్లడంతో సహా. అందుకే ఇది తర్వాత కల్పించుకున్నది కాదని చెప్పగలను. ఫోన్‌లో లైవ్ బదులు పాత రికార్డింగ్ తెరుచుకుని ఉంటుంది అన్నాను. పద్మ అన్నం వడ్డిస్తూ, "ఒక్కపారి మళ్ల చెయ్యరాదు?" అంది. ఇప్పుడే మాట్లాడాను కదా, మళ్లీ చేస్తే తిడుతుంది అన్నాను.

పాత రికార్డింగ్ అయితే అక్క ఏనాడో పడి ఉండాలి. ఏనాడూ పడలేదు. చిన్నపిల్లవాడైనా వేసే ఆ లెక్క ఆ పూట నాకు తట్టలేదు. జీవితమంతా ఇతరుల లెక్కల్లో తప్పులు పట్టి బతికినవాణ్ణి.

అన్నం తిన్నాను. ఆ తర్వాత ఫోన్‌లోంచి ఆ యాప్ తీసేసి మళ్లీ ఎక్కించాను, పాస్‌వర్డ్ మార్చాను. ఈసారి లైవ్ సరిగ్గా వచ్చింది. తెర నిండా ఎర్ర గళ్లు. తువాలు. బాగైంది అనుకున్నాను. పనికి వెళ్లాక మధ్యలో ఇంకో రెండుసార్లు చూశాను. ఎర్ర గళ్లే. మళ్లీ తీయడం మరిచింది అనుకుని నవ్వుకున్నాను కూడా. ఆ గళ్ల వెనకాల ఏముందో చూడటానికే నేను ఆ కెమెరా పెట్టించింది.

దాణా కోసం వచ్చిన రంగన్న అనే రైతు అక్కను చూశాడు. అతను వచ్చేసరికి షట్టర్ సగం దిగి ఉంది. అందరిలాగే మెట్టు మీద కూర్చున్నాడు. చాలాసేపు ఎదురుచూశాడు. తర్వాత నాతో అన్నాడు: "బీడీ మీద బీడీ తాగిన. అన్నం ఇంతసేపు దింటదా అనుకున్న. ఆడమనిషి తింటుంటే వంగి ఎట్ల చూస్తం అన్నా?" చివరికి పిలిచాడు. పలకలేదు. వంగి చూశాడు.

పక్క దుకాణం వాళ్లు ఫోన్ చేస్తే బయలుదేరాను, నేను చేరేసరికి అప్పుడే దొరికిన ఆటోలో అక్కను ఎక్కిస్తున్నారు. వనపర్తి దవాఖానకు నేనూ అదే ఆటోలో వెళ్లాను. తలలో రక్తం గడ్డకట్టిందని అన్నారు. ఎప్పుడు పడింది అని డాక్టర్ అడిగాడు. దాన్ని బట్టే ఇవ్వాల్సిన మందు ఉంటుందట, గంటలు గడిస్తే అది పనికిరాదట. ఎప్పుడు పడిందో చెప్పండి అని మళ్లీ అడిగాడు. నేను పడటం చూసినవాణ్ణి. అక్కతో మాట్లాడిన సమయం ఫోన్‌లో చూసి అది చెప్పాను. ఆయన గోడ గడియారం వైపు చూశాడు.

రెండు రోజుల తర్వాత దుకాణానికి తాళం వేయడానికి వెళ్లాను. జహంగీర్ కూడా వచ్చాడు. డబ్బాలో అన్నం సగానికి పైగా మిగిలి ఉంది. మూత కాంటా కాలికి ఆనుకుని నిలబడి ఉంది. గోడ పక్కన సంచులు మూడు వరుసలు. మూడో వరుస ఆ పొద్దున దిగిన లోడ్ అని పక్క దుకాణం వాళ్లు చెప్పారు. లోడ్ వచ్చిందని నాకు అంతకు ముందు ఎవరూ చెప్పలేదు. నేను రాసే దుకాణం లెక్క ప్రకారం అక్కడ రెండు వరుసలే ఉండాలి.

రికార్డర్ మొత్తం వెతికాం. అక్క స్టూలు ఎక్కి తువాలు కప్పడం ఉంది. దాని తర్వాత ఎర్ర గళ్లు, నేను వెళ్లి తీసేవరకు ఎర్ర గళ్లే. అక్కకు ఫోన్ చేసిన సమయాన్ని బట్టి చూస్తే, నేను బొమ్మ చూసేసరికి తువాలు కప్పి ఐదారు నిమిషాలైంది. బయటి కెమెరాలో సగం దిగిన షట్టర్, మెట్టు మీద రంగన్న. అంతే. నేను చూసిన బొమ్మ ఏ కెమెరాలోనూ లేదు, ఏ రోజు రికార్డింగ్‌లోనూ లేదు.

జహంగీర్‌కు జరిగింది మొత్తం చెప్పాను. "అన్నా, లైన్ బాగలేకుంటే బొమ్మ లేట్ వస్తది. నిమిషం లేట్ రావొచ్చు, ఇంకా ఎక్కువ రావొచ్చు. ముందైతే రాదు. ఎట్ల వస్తది?" అన్నాడు. ఆ తర్వాత బిగించిన వైర్లు విప్పి చుట్టాడు. కూలి ఇస్తే తీసుకోలేదు.

అక్క బీపీ గురించి నా మనసులో ఉన్న భయమే బొమ్మగా కనిపించిందని పద్మ అంటుంది. కావచ్చు. మరి భయానికి మూడో వరుస సంచులు ఎలా తెలుసు? మూత ఎక్కడ ఆగుతుందో ఎలా తెలుసు? ఏడాది దాటింది. ఎన్ని విధాలుగా వేసినా ఈ లెక్క తేలడం లేదు. ఒక్కటి మాత్రం తెలుసు. నాకు చూపించాల్సింది ఎవరో, ఏదో, వేళకు ముందే చూపించారు. నేను దాన్ని ఫోన్‌లో వచ్చిన లోపం అనుకుని బాగుచేశాను.

అక్క ఇప్పుడు గద్వాలలో మా ఇంట్లోనే ఉంటుంది. ఎడమచేత్తో తింటుంది, గోడవైపు తిరిగి. ఆమెకు రెండు మాటలు మిగిలాయి. ఒకటి "తమ్మీ". రెండోది "కాదు". తెలివి మొత్తం బాగానే ఉంది.

దవాఖానలో కళ్లు తెరిచిన నాలుగో రోజే నన్ను ఒకటి అడిగింది. ఎడమచేత్తో నేలను చూపించింది, తర్వాత గోడ గడియారం చూపించి, వేళ్లు ఒక్కొక్కటే తెరిచింది. ఎంతసేపు పడి ఉన్నాను అని. ఇప్పటికీ అప్పుడప్పుడు అడుగుతుంది. కొద్దిసేపే అక్కా అంటాను. నా కళ్లలోకి చూసి "కాదు" అంటుంది. అడిగిన వెంటనే అంకె చెప్పే తమ్ముడు నీళ్లు నములుతున్నాడని ఆమెకు తెలుసు.

నేను లెక్క వేశాను. మేం మాట్లాడినప్పటి నుంచి రంగన్న వంగి చూసేవరకు ఉన్న సమయంలోంచి, డబ్బాలో తగ్గిన అన్నానికి పట్టే సమయం తీసేశాను. రెండు గంటల పదిహేను నిమిషాలు. అక్కకు ఇంకా చెప్పలేదు.