తప్పంతా గిటారుదే

తీగల మామయ్యకు ఉన్నది ఒకటే జబ్బు. గిటార్లను తిడతాడు. లోలోపల గొణుక్కోవడం కాదు, ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టి, నలుగురూ వినేలా తిడతాడు. వీధిలో అందరూ ఆయన్ని మామయ్యా అనే పిలుస్తారు గానీ, నిజంగా ఆ హక్కున్నది కొట్టు చూసుకునే కోడలికే. ఆ తిట్లకు తల దించుకునేదీ ఆమే.

ఆ కొట్లో తీగలు కొనడం పెళ్ళిసంబంధం కుదుర్చుకోవడం కంటే కష్టం. ప్యాకెట్టు పేరు చెప్పి ఇమ్మంటే ఇవ్వడు. "గిటారు తీసుకురా. వాయించు, చూస్తాను" అంటాడు. వేలి కొనలు నొక్కి చూస్తాడు. ఆ పైన గిటారు వైపు తిరిగి తిట్లు అందుకుంటాడు.

ఓసారి బ్యాంకు గుమాస్తా ఏడుపు మొహంతో వచ్చాడు. మోత బాగా వస్తుందని లావు తీగలు వేసుకున్నాడట. "వేళ్ళు బొబ్బలెక్కాయండీ. నాకు సంగీతం రాసిపెట్టి లేదు."

మామయ్య గిటారు మీద విరుచుకుపడ్డాడు. "ఏమే, నిన్నగాక మొన్న మొదలుపెట్టిన మనిషి మీద ఇంత పగా? ఈ మోకులు తగిలించుకుని ఎవరి మీదికే యుద్ధానికి?" తిడుతూనే లావువి విప్పి సన్నవి వేశాడు. "మోత కాస్త తగ్గుతుంది గానీ వేళ్ళు బతుకుతాయి. చర్మం గట్టిపడ్డాక మళ్ళీ లావువి చూద్దాం."

గుమాస్తా గిటారును క్షమించి తీసుకెళ్ళాడు. మర్నాడు లారీ డ్రైవరు తెగిన తీగల చుట్టతో వచ్చాడు. ఆయన చెయ్యి పడితే సన్న తీగ వారం ఆగదు. "ఇంత బలమైన మనిషి దగ్గరికి వెంట్రుకలేసుకుని వచ్చావా, సిగ్గులేదూ?" అని దాని గిటారుతనాన్నంతా కడిగేసి, లావు తీగలు బిగించి పంపాడు.

కోడలిది కుండబద్దలు కొట్టినట్టు మాట్లాడే స్వభావం. "గట్టిగా కొట్టి తెంపేది ఆయన. మధ్యలో గిటారేం చేసింది మామయ్యా?"

"మెల్లిగా అనమ్మా, వింటుంది."

చాదస్తం అనుకుని ఊరుకునేది. అయితే ఆ తిట్లలో ఒక్కటి మాత్రం ఆమెకు చాలా ఇష్టం. కాపురానికి వచ్చిన కొత్తలో, కొట్లో నైలాన్ తీగల గిటారు ఒకటి వెలవెలబోతున్నట్టు కనిపిస్తే, దానికి మెరిసే ఉక్కు తీగలు బిగించి మురిసిపోయింది. తెల్లారేసరికి కింద తీగలు పట్టుకునే చెక్క ఊడి, పైపలకను చీల్చుకుని వచ్చేసింది. మామయ్య గిటారును వారం రోజులు తిట్టాడు. "లోపల జిగురు ఎప్పుడో వదిలేసి, పైకి నవ్వుతూ కూర్చున్నావా? మా కోడలు పట్టేసింది కనక సరిపోయింది." దాంతో, దొంగ గిటారును పట్టేశానని ఆమె పుట్టింటికి కూడా ఫోన్ చేసి చెప్పుకుంది. కొన్నాళ్ళకు మాటల మధ్య, "నైలాన్ గిటారుకు ఉక్కు తీగలు వెయ్యకూడదమ్మా, ఆ లాగుడు ఆ చెక్క ఓర్వలేదు" అన్నాడు మామయ్య. కొత్త సంగతి తెలిసిందని ఆమె తల ఊపింది.

ఇలా ఉండగా, కొట్టు నిండా జనం ఉన్న ఒక ఉదయం, ఎదురుగా ఉన్న సెలూన్ పెద్దాయన గిటారుతో వచ్చాడు. అది ఆయన అద్దం పక్కనే వేలాడుతుంది. గడ్డానికీ గడ్డానికీ మధ్య ఒక పాట. ఆ పాట కోసమే జుట్టు పెరగనివాళ్ళు కూడా వచ్చి బెంచీ మీద కూర్చుంటారు.

"అన్నిటికంటే లావు తీగలు ఇవ్వు బావా. మోత పడిపోయింది."

"వాయించు."

వాయించాడు. సగం తీగలు పలికాయి, సగం మూగబోయాయి. ఎడమచేతి చూపుడువేలు కణుపు దగ్గర ఉబ్బి ఉంది, ఎంత అదిమినా తీగ దిగడం లేదు. పెద్దాయన మొహం పాలిపోయింది.

"ఏంటి పెద్దాయనా, వేళ్ళు పట్టు తప్పాయా?" అన్నాడు పోస్ట్‌మాన్, ఊరికే వేళాకోళానికి. ఎవరూ నవ్వలేదు. కొట్లో సగం మంది ఆయన దగ్గర గడ్డం గీయించుకునేవాళ్ళే. కత్తి పట్టేది కుడిచెయ్యి, మొరాయించింది ఎడమచెయ్యి. కానీ కబురు వీధి దాటితే ఆ తేడా ఎవరు చూస్తారు? పట్టు తప్పిన చేతికి గొంతు ఎవరు అప్పగిస్తారు?

మామయ్య గిటారు లాక్కుని ఒక కన్ను మూసి దాని మెడ వెంట చూశాడు. "చూడండయ్యా దీని నిర్వాకం. మెడ విల్లులా వంగింది. తీగలు ఆకాశంలో ఉన్నాయి. దీన్ని పహిల్వాను కూడా నొక్కలేడు. అన్నం పెట్టే చేతినే అల్లరిపాలు చేస్తావటే?"

కోడలు అవాక్కయింది. మొన్ననే ఆ మెడను స్కేలు పెట్టి తిన్నగా సరిచేసింది తనే. "మామయ్యా, అది మొన్న నేనే..."

"అమ్మాయ్, లోపల పట్టుదారం కలిపి చుట్టిన ఉక్కు తీగలుంటాయి. అన్నిటికంటే మెత్తనివి. పట్టుకురా."

ఆమె తెచ్చేసరికి తిట్లు ఇంకా సాగుతూనే ఉన్నాయి. మామయ్య ఆ తీగలు వేసి, శ్రుతి కూడా కాస్త దించాడు, మరింత వదులయ్యేలా. ఈసారి పెద్దాయన వేలు వెయ్యగానే అన్ని తీగలూ పలికాయి.

"మోత తక్కువే బావా."

"నీ కొట్టెంతని? అద్దంలో ఉన్నవాడికి కూడా వినపడాలా?"

అందరూ నవ్వారు. "అయితే గిటారుదన్నమాట తప్పు" అన్నాడు పోస్ట్‌మాన్ తేలికపడి.

జనం వెళ్ళాక కోడలు నిలదీసింది. "ఆ మెడ తిన్నగా ఉంది మామయ్యా."

"తెలుసు. చక్కగా చేశావు."

"మరి అన్ని మాటలెందుకు అన్నారు?"

"దానికేం పరువుందని పోవడానికి? ఎన్నంటే అన్ని పడుతుంది. మనిషి పడలేడమ్మా."

బల్ల తుడుస్తున్న ఆమె చెయ్యి ఆగింది. "అయితే నేను వచ్చిన కొత్తలో ఊడిన ఆ చెక్క..."

"దాని ఊసెత్తకు. దగుల్బాజీ గిటారు."

ఆమెకు సిగ్గూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఆయనంటే ప్రేమ పొంగింది. పుట్టింటికి చేసిన ఫోన్ గుర్తొచ్చి మాత్రం తల కొట్టేసినంత పనైంది.

మర్నాడు పొద్దున్నే మామయ్య వీధి దాటి, సెలూన్లో రోడ్డువైపు కుర్చీలో అందరికీ కనపడేలా కూర్చుని గడ్డం పైకెత్తాడు. ఏళ్ళ తరబడి పెంచిన ఆ గుబురు గడ్డం లేకుండా ఆయన్ని కోడలు ఎన్నడూ చూడలేదు. బయటికొచ్చేసరికి ఆయన మొహం పొట్టు తీసిన వెల్లుల్లి రెబ్బలా ఉంది. ఆయన లేచిన కుర్చీలో పోస్ట్‌మాన్ కూర్చున్నాడు. వెనక బెంచీ నిండింది, పాట మొదలైంది.

మామయ్య చుబుకం మీద చిన్న దూది ముక్క ఉంది. కోడలు నడుం మీద చెయ్యి పెట్టుకుని, తనూ నేర్చుకున్న విద్య చూపించింది. "ఆ కత్తికి బొత్తిగా బుద్ధి లేదు మామయ్యా."

"దాన్నేమీ అనకమ్మా, పాపం" అన్నాడాయన దూది సర్దుకుంటూ. "కదలొద్దు బావా అని వాడు మొత్తుకుంటూనే ఉన్నాడు. నేనే వినకుండా కత్తిని తిడుతూ కూర్చున్నాను."